రూపం చెక్కించాలంటే



మన వంటింట్లో ఏ స్టీలు గిన్నె తీసి చూసినా దానిమీద ఒక పేరుంటుంది. పెళ్ళికి పెట్టిన బిందెమీద పుట్టింటివారి పేరు, గృహప్రవేశానికి పంచిన పళ్ళెంమీద మేనత్తగారి పేరు, తేదీతో సహా. గిన్నెల కొట్టులో కూర్చున్న కుర్రాడు కరెంటు ములుకు పట్టుకుని రెండు నిమిషాల్లో గీసి ఇచ్చేస్తాడు. ఒక ఒత్తు కాస్త పక్కకి పోయినా మనం పట్టించుకోం. గిన్నె మనదని తెలిస్తే చాలు కదా!

మరి అదే కుర్రాడి చేతికి కాలంచేసిన అత్తగారి ఫోటో ఇచ్చి, "ఈవిడ రూపం నల్లరాతిమీద చెక్కి ఇయ్యి నాయనా" అంటామా? అనలేం. అక్షరం వంకరపోయినా అది ఆ అక్షరమే. పెదవి వెంట్రుకవాసి వంకరపోతే మాత్రం ఆవిడ ఆవిడే కాదు. పైగా కాగితంమీద బొమ్మయితే చెరిపి మళ్ళీ గీయవచ్చు. రాతిమీద తప్పు జరిగితే పలక మొత్తం అరగదీసి మళ్ళీ పాలిష్ పట్టాలి, లేదా కొత్త పలక కొనాలి. అందుచేత పనివాడి సత్తా ములుకు రాతిమీద పెట్టకముందే తెలుసుకోవాలి. అది ఎలాగన్నదే ఇవాళ్టి విషయం. కాగితమూ పెన్సిలూ దగ్గర పెట్టుకుంటే మంచిది.

మేముండేది కంచరపాలెం. కంచర అంటే కంచుపని చేసేవాడు, పాలెం అంటే ఊరికి ఆనుకుని ఉండే చిన్న పల్లె. అంటే పేరులోనే లోహంపని ఉందన్నమాట. మర్రిపాలెం వైపు పోతే ఇండస్ట్రియల్ ఎస్టేటు, ఇటు పాలిటెక్నిక్కు, ఐ.టి.ఐ., చుట్టూ రైల్వేవాళ్ళు, పోర్టువాళ్ళు, షిప్‌యార్డువాళ్ళు, స్టీలుప్లాంటువాళ్ళు. ఇనుమునీ ఇత్తడినీ చేతుల్లో ఆడించేవాళ్ళకి ఇక్కడ కొదవలేదు. అయినా రూపం చెక్కేవాడు కావాలంటే వెతుక్కోవలసిందే. ఎందుకంటే చెక్కడమనే ఒక్క మాట కింద మూడు వేరువేరు పనులున్నాయి. ఆ తేడా తెలియక చాలామంది మోసపోతారు. ఎవరో మోసం చేసి కాదు, తప్పుడు గుమ్మం తట్టి!

మొదటివాడు అక్షరాలు చెక్కేవాడు. నేమ్‌ప్లేట్లు, యంత్రాలమీద నంబర్లు, శంకుస్థాపన ఫలకాలు, సమాధిరాళ్ళమీద పేర్లూ తేదీలూ ఇతని పని. చేయి స్థిరంగా ఉంటుంది, గీత తిన్నగా పోతుంది. కాని ముఖంలో తిన్నటి గీత ఒక్కటీ లేదు కదా! రెండోవాడు శిల్పి. రాతిని తొలిచి ఉబ్బెత్తుగా విగ్రహం తీస్తాడు. ఆళ్ళగడ్డ, దుర్గి వంటి ఊళ్ళు ఈ పనికి పేరుపడ్డవి. తెలంగాణాలోని పెంబర్తివాళ్ళు ఇత్తడి రేకును వెనకనుంచి సుత్తితో కొట్టి ముందుకు ఉబికించి బొమ్మ తీస్తారు. అదీ గొప్ప పనే, కాని వేరే పని. మూడోవాడే మనకు కావలసినవాడు. నున్నటి పలకమీద సన్నటి గీతలూ చుక్కలతోనే వెలుగునీడలు పుట్టించి, ఫోటోలో ఉన్న మనిషిని దించేవాడు. మొదటివాణ్ణి అడిగితే "అదీ చేస్తానమ్మా" అంటాడు. పాపం, అబద్ధం చెప్పాలని కాదు. వచ్చిన బేరం ఎవరు వదులుకుంటారు చెప్పండి?

ఈ మూడో రకం పని విశాఖపట్నానికి కొత్తదేమీ కాదు సుమండీ. పద్ధెనిమిదో శతాబ్దంలో మన ఊరి పేరు ఇంగ్లండు దొరల ఇళ్ళల్లో మోగినది ఈ చెక్కుడుపని వల్లనే. కర్రపెట్టెలమీద, కుర్చీలమీద, బీరువాలమీద ఏనుగుదంతపు పలకలు తాపడం చేసి, ఆ దంతంమీద సన్నటి ములుకుతో పూలూ తీగలూ భవనాలూ గీసి, ఆ గీతల్లో నల్లలక్క నింపేవారు. తెల్లటి దంతంమీద నల్లటి గీత సిరాతో రాసినట్టు కనిపించేది. 1756లో ఇక్కడికి వచ్చిన జాన్ కార్నీల్ అనే ఆంగ్ల సైనికాధికారి కూడా ఈ పనితనాన్ని మెచ్చుకుని రాసుకున్నాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆ వస్తువులు ఇవాళ్టికీ ఉన్నాయి. మన దేశంలో 1986లోనూ 1991లోనూ వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణలతో దంతం వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైంది. అది న్యాయమే. ఎవరైనా "పాత దంతంమీద చెక్కి ఇస్తాం" అంటే దణ్ణంపెట్టి వచ్చెయ్యండి.

సరే, మంచి చెక్కుడంటే ఎలా ఉంటుందో కన్నుకు ముందు అలవాటు చేయాలి. దీనికి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. పోపులడబ్బాలో దాచిన వందరూపాయల నోటు తీయండి. గాంధీగారి బొమ్మమీద వేలికొసతో మెల్లిగా రాయండి. కొత్త నోటయితే గరుగ్గా తగులుతుంది. లోహపు పలకమీద గీతలు తొలిచి, ఆ గీతల్లో సిరా నింపి, కాగితాన్ని గట్టిగా అదిమితే వచ్చే ఉబ్బు అది. ఇప్పుడు పిల్లల భూతద్దం పెట్టి చూడండి. చెంప దగ్గర ఎక్కడా రంగు పులిమి ఉండదు. అంతా గీతలే. బుగ్గ ఎటు గుండ్రంగా తిరిగితే గీత కూడా అటే తిరుగుతుంది. నీడ ఉన్నచోట గీతలు దగ్గరవుతాయి, వెలుగు ఉన్నచోట దూరమవుతాయి. ఒక్క అయిదు నిమిషాలు ఇలా చూసినవారికి, తరువాత ఏ కొట్టులో ఏ బొమ్మ చూపించినా బాగోగులు ఇట్టే తెలిసిపోతాయి.

ఇత్తడి, రాగి, స్టీలు పలకలమీద పని ఇలాగే సాగుతుంది. గీసినచోట నలుపు, గీయనిచోట వెలుగు. నల్లరాతిమీద మాత్రం సంగతి పూర్తిగా తిరగబడుతుంది. పాలిష్ పట్టిన నల్ల గ్రానైటు అద్దంలా నల్లగా ఉంటుంది. ములుకు తగిలినచోట ఆ పాలిష్ విరిగి తెల్లటి పొడిచుక్క పడుతుంది. అంటే అక్కడ పనివాడు చెక్కేది వెలుగుని, వదిలేది చీకటిని. తెల్లటి జుట్టు కావాలంటే వెంట్రుక వెంట్రుకా చెక్కాలి. నల్లటి జుట్టయితే అక్కడక్కడా నాలుగు మెరుపులు చెక్కి మిగతాది వదిలేయాలి. నుదుట బొట్టు ఉండాలంటే చుట్టూ నుదురంతా చుక్కలు వేసి, బొట్టంత మేర ముట్టుకోకుండా ఉంచాలి. ముక్కుపుడక మెరవాలంటే అక్కడ ఒక్క గట్టి చుక్క. చూశారా, కాగితంమీద బొమ్మ వేయడంలో ఆరితేరినవాడు కూడా రాతిదగ్గర తడబడేది ఇందుకే. అతని చేతికి అలవాటైన లెక్క ఇక్కడ తలకిందులు.

నల్లచీర కట్టుకున్న ఫోటో ఇస్తే మరీ చిక్కు. రాయీ నలుపే, చీరా నలుపే. తల ఒక్కటే గాలిలో తేలుతున్నట్టు వస్తుంది. తెలిసినవాడయితే భుజం వెంబడి సన్నటి వెలుగుగీత ఒకటి వేసి, అంచు కాస్త చూపించి గట్టెక్కిస్తాడు. "ఈ ఫోటోలో చీర నల్లగా ఉంది కదా, ఏం చేస్తారు?" అని మీరే అడిగి చూడండి. అతనిచ్చే జవాబులో సగం పరీక్ష అయిపోతుంది.

మిగతా సగం పరీక్ష ఫోటో అతని చేతికిచ్చినప్పుడు. మా వీధి చివర ఒక రైల్వే కుటుంబంలో తల్లి పోయింది. ఆవిడకు విడిగా తీయించుకున్న ఫోటో ఒక్కటీ లేదు. మన ఇళ్ళల్లో తల్లుల సంగతి అంతే కదా, అందరినీ నిలబెట్టి ఫోటో తీయించేదే గాని తను నిలబడదు. చివరికి దొరికింది కూతురి పెళ్ళి గ్రూపు ఫోటో. అందులో ఆవిడ ముఖం కందిగింజంత. కూతుళ్ళిద్దరూ దాన్ని పట్టుకుని రెండుచోట్లకి వెళ్ళారు. మొదటిచోట అతను ఫోటో సరిగా చూడకుండానే, "చదరపు అడుగుకి ఇంత, నాలుగురోజుల్లో ఇచ్చేస్తాం" అన్నాడు. రెండోచోట ఒక పెద్దాయన ఫోటోని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసి, "ఇది చాలదమ్మా. రేషన్‌కార్డు ఫోటో ఉందా? ఆధార్ కార్డు ఉందా? బ్యాంకు పుస్తకంమీదది ఉందా? ఉన్నవన్నీ తీసుకురండి" అన్నాడట. తెచ్చాక అన్నీ పక్కపక్కన పరిచి, "అమ్మగారు నవ్వితే ఏ బుగ్గమీద గీత పడేదమ్మా?" అని అడిగాడు. కూతుళ్ళిద్దరూ ఒక్కసారే కుడి బుగ్గ అన్నారు. పని ఎవరికిచ్చారో వేరే చెప్పాలా?

ఫోటో గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. ఇది మన చేతుల్లో ఉన్న భాగం. పాత స్టూడియోల్లో ఒకోసారి నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసేవారు. కుడి ఎడమయ్యేది. దానినే చూసి చెక్కితే ముక్కుపుడక రెండోవైపుకి పోతుంది, పాపిడి పక్కపాపిడయితే అదీ మారిపోతుంది. ఇది పనివాడికి తెలిసే వీలు లేదు. పమిట ఏ భుజంమీద ఉందో చూడండి, ఎడమ భుజంమీద ఉండవలసింది కుడివైపు కనిపిస్తే ఫోటో తిరగబడిందని అర్థం. మగవారి ఫోటో అయితే చొక్కా జేబు చూడండి.

చిన్న ఫోటోని స్కాన్ చేయించేటప్పుడు అంగుళానికి 600 చుక్కలకి తక్కువ కాకుండా చేయించండి. ఫోటోస్టాట్ కొట్టులో అలా చెబితే వాళ్ళకి తెలుస్తుంది. ఫోనులో మామూలుగా పంపితే బొమ్మ నలిగి చిన్నదయిపోతుంది. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంటుగా పంపమని పిల్లలకి చెప్పండి. ఇంకొక మాట. మసకబారిన ఫోటోలను క్షణంలో మెరిపించే సాధనాలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ వచ్చాయి. అవి ఉన్న వివరాన్ని తేటపరచడంతో ఆగవు. కనిపించని కన్నునీ పెదవినీ ఊహించి అతికిస్తాయి. ముఖం నున్నగా, అందంగా ఉంటుంది, కాని అది మరెవరిదో ముఖం. అలా చేసిన ఫోటోనుంచి చెక్కించిన బొమ్మని చూసి ఒకరింట్లో మనవరాలు, "ఈ ఆంటీ ఎవరు?" అని అడిగిందట. ఆ సాధనాల జోలికి పోకండి. మసకగా ఉన్నా అసలు ఫోటోనే ఇవ్వండి.

ఏ వయసు ఫోటో ఇవ్వాలన్నది మరొక సమస్య. ఇక్కడే అన్నదమ్ములకీ వదినామరదళ్ళకీ మాటలు వస్తాయి. పెద్దకొడుక్కి అమ్మ నలభై ఏళ్ళప్పటి ముఖం గుర్తు, చిన్నకోడలికి తను చూసిన డెబ్భై ఏళ్ళ ముఖం గుర్తు. నా మట్టుకు నాకు చివరి జబ్బునాటి ఫోటో వద్దు. మరీ పెళ్ళినాటిదీ వద్దు. ఇంట్లో అందరికీ తెలిసిన వయసుది కావాలి. పనివాడి దృష్టిలో చూసినా కాస్త ముడతలు పడ్డ ముఖమే సుళువు. ముడతలో వెలుగూ నీడా ఉంటాయి, ములుక్కి పట్టు దొరుకుతుంది. పసిపిల్లల ముఖం అన్నిటికన్నా కష్టం. ఒక్క గీత ఎక్కువ పడితే పిల్లవాడు ముసలివాడయిపోతాడు. కళ్ళజోడు విషయం మాత్రం ముందే తేల్చుకోండి. ఫోటోలో ఫ్లాష్ వెలుగు అద్దంమీద పడి ఒక కన్ను మాయమయితే, ఆ కన్ను మరొక ఫోటోనుంచి తేవాలి.

ఇక రాయి. మన వంటింటి గట్టుమీద వేసుకునే గ్రానైటే కదా అని చవగ్గా దొరికినది కొనకూడదు. ప్రకాశంజిల్లా చీమకుర్తిలో దొరికే గెలాక్సీ రాయి దేశదేశాలకీ వెళుతుంది. నల్లటి రాతిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. గట్టుకి శోభే, ముఖానికి మాత్రం శత్రువు. ఆ మెరుపుచుక్క సరిగ్గా చెంపమీదనో కంటిమీదనో పడితే ఏం చేస్తారు? టెక్కలివైపు దొరికే శ్రీకాకుళం నీలిరాయి కూడా అంతే, అందులో మచ్చలుంటాయి. రూపానికి కావలసింది మచ్చాచుక్కా లేని నిండు నలుపు, నేయిపట్టు సన్ననిది. తెల్ల పాలరాయి వద్దేవద్దు. దానిమీద చెక్కిన సన్నపని తెల్లలో తెల్లగా కలిసిపోతుంది. రంగు నింపితే మన సముద్రపుగాలికీ ఎండకీ అది వెలిసిపోతుంది.

నలుపు చాలని రాతికి రంగో నూనో పట్టించి నిండు నలుపుగా అమ్మడం ఉంది. దీన్ని పట్టుకోవడానికి మన డ్రెస్సింగు టేబిల్‌మీదే మందుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవం. అందులో అసిటోన్ ఉన్న రకం తెల్లటి గుడ్డకి అద్ది రాతిమీద గట్టిగా రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే అది పూసిన నలుపు. వెనకవైపు, మూలన ఎక్కడో రుద్దండి గాని బొమ్మ రావలసినచోట కాదు. కొట్టువాడు వద్దంటే ఆ రాయి మనకి వద్దు.

మిషనా, చేతిపనా? ఈ ప్రశ్న ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. లేజర్ మిషను వచ్చాక పని త్వరగా అవుతోంది, ఖర్చూ తగ్గింది. మిషనంటే చిన్నచూపు అక్కర్లేదు. కాని మిషనుకి ముఖమేదో గోడేదో తెలియదు. ఫోటోలో చెంపమీద మరక ఉంటే మరకని కూడా అంతే శ్రద్ధగా చెక్కుతుంది. ఫోటోని దానికి తగ్గట్టు సిద్ధంచేసే మనిషి దగ్గరే నేర్పంతా ఉంది. బాగా చేసేచోట లేజర్ పని పూర్తయ్యాక ఒక మనిషి కూర్చుని వజ్రపుమొన ములుకుతో కంటి మెరుపు, జుట్టు కొసలు, పెదవుల మధ్య గీత చేత్తో దిద్దుతాడు. "లేజర్ తరవాత చేత్తో దిద్దేది ఎవరు?" అని అడగండి. దిద్దేవారెవరూ లేకపోతే మీరు ఇచ్చిన ఫోటో ఎంత మంచిదో బొమ్మ కూడా అంతే, అంతకు మించి ఆశించవద్దు. లోహంమీద లేజర్ కావాలంటే ఫైబర్ లేజరనే రకం ఉండాలి. రాతికీ కర్రకీ వాడే మిషను వట్టి ఇత్తడిమీద గీత వేయలేదు. ఇది అడిగితే కొట్టువాడు మిమ్మల్ని కాస్త గౌరవంగా చూస్తాడు కూడా!

అసలు మనిషిని పట్టుకోవడం ఎక్కడన్నారా? సమాధిరాళ్ళు చేసేచోట మొదట అడగండి. జ్ఞానాపురంవంటి చోట్ల క్రైస్తవ కుటుంబాలకి ఈ విషయంలో మనకంటె అనుభవం ఎక్కువ. ఏ రాయి ఎవరు చెక్కారో వాళ్ళు చెప్పగలరు. కొట్టులో పెట్టిన నమూనా చూసి మురిసిపోవద్దు. అది ఎంచి పెట్టినదే అయి ఉంటుంది. బయట ఎండలో వానలో నాలుగయిదేళ్ళు నిలబడిన రాయి చూపించమనండి. పొద్దున్న ఎనిమిదింటికో సాయంత్రం నాలుగింటికో, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వెళ్ళి చూడండి. నడినెత్తి ఎండలో అన్నీ ఒకలాగే ఉంటాయి. వీలైతే ఆ ఇంటివారినే అడగండి, పోలిక వచ్చిందా అని. పోలిక సంగతి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఇత్తడి పనికయితే నేమ్‌ప్లేట్ల కొట్లలో విచారించండి. వాళ్ళు తాము చేయకపోయినా చేసేవాళ్ళను ఎరుగుదురు. శ్రీకాకుళంజిల్లా బుడితివాళ్ళ కంచు, ఇత్తడి పనులకు భౌగోళిక గుర్తింపు ఉంది. పాత్రలూ గంటలూ వాళ్ళ ప్రత్యేకత. రూపాలు చెక్కించాలంటే మాత్రం వాళ్ళదాకా పోనక్కర్లేదు. ఫోటో మరీ పాడయి ఉంటే ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో చదివిన పిల్లలచేత ముందు పెన్సిలుతో బొమ్మ వేయించి, ఇంటిల్లిపాదీ చూసి ఒప్పుకున్నాక ఆ బొమ్మని చెక్కడానికి ఇవ్వడం ఒక మంచి దారి.

పని ఒప్పజెప్పేటప్పుడు మొహమాటపడకండి. రాతి కొలత, మందం, ఎవరు బిగించాలి, ఎప్పటికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఇవన్నీ ఒక కాగితంమీద రాయించి సంతకం తీసుకోండి. మూడోవంతు అడ్వాన్సు ఇచ్చి, చెక్కబోయే సైజులోనే కాగితంమీద నమూనా తెప్పించుకోండి. దాన్ని ఇంట్లో గోడకి అంటించి రెండురోజులు ఉంచండి. కాఫీ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ చూసినప్పుడే ఏదో తేడా ఉన్నట్టు అనిపిస్తుంది గాని, కొట్టులో నిలబడి చూస్తే అనిపించదు. వీలైతే అదే రాతి ముక్కమీద ఒక్క కన్ను చెక్కి చూపించమనండి. కన్ను కుదిరితే ముఖం కుదిరినట్టే. కంటిపాపలో వెలుగుచుక్క రెండు కళ్ళలోనూ ఒకేవైపు ఉండాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ ఉంటే చూపు చెదురుతుంది. మీ అసలు ఫోటో మాత్రం అక్కడ వదిలి రాకండి, కాపీ ఇవ్వండి.

తెలుగు అక్షరాల దగ్గర రెట్టింపు జాగ్రత్త కావాలి. మీరు ఫోనులో పంపిన తెలుగును చాలాచోట్ల అను ఫాంటులో మళ్ళీ టైపు చేస్తారు. ఆ ఫైలు మరో కంప్యూటరుకి వెళ్ళేసరికి ఒత్తులూ గుణింతాలూ చెదిరిపోవడం ఉంది. కృష్ణవేణమ్మ కాస్తా ఏదో అయి కూర్చుంటుంది. ఫోనులో చూసి సరే అనకుండా, కాగితంమీద అచ్చువేయించి, ఇంట్లో చిన్నపిల్లవాడిచేత అక్షరం అక్షరం పైకి చదివించండి. మనకి పేరు తెలుసు కనక తప్పున్నా ఒప్పుగానే చదివేస్తాం. వాడయితే ఉన్నది ఉన్నట్టు చదువుతాడు. తిథి, ఇంగ్లీషు తేదీ రెండూ వేయిస్తే పంచాంగంతో సరిచూసుకోండి. అక్షరాలు మాత్రం లోతుగా తొలిపించండి. భీమునిపట్నంలో డచ్చివారి కాలంనాటి సమాధులు ఎప్పుడైనా చూశారా? వందల ఏళ్ళనాటి ఆ రాళ్ళమీద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయంటే అవి లోతుగా చెక్కినవి కనకనే. రూపం పై పొరలోనే ఉంటుంది, లోతుగా చెక్కే వీలు లేదు. అందుకని బొమ్మ ఉన్న రాతిపైన చిన్న చూరులాంటిది కట్టిస్తే నయం.

ఇంకా గడువు సంగతి. సంవత్సరీకానికి కావాలంటే మూడునెలల ముందే పని అప్పగించండి. నవంబరు 2న సమాధుల పండుగ. దసరా దాటాక ఏ రాతిపనివాడి దగ్గరా తీరిక ఉండదు. ఆ తొందరలో చేయించిన పనికి తొందర గుర్తులు ఉండనే ఉంటాయి. గోడకి బిగించేటప్పుడు మామూలు ఇనుప మేకులు వాడనివ్వకండి. మన ఊరి ఉప్పుగాలికి రెండేళ్ళలో తుప్పుపట్టి ఆ ఎర్రటి చార నేరుగా బొమ్మమీదకి కారుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు అని అడగండి, షిప్పుల పనివాళ్ళు వాడేవి.

రాయి ఇంటికి వచ్చాక దాని బాధ్యత మనదే. మొదటి వానకి ఒక భయం కలుగుతుంది, ముందే చెబుతున్నాను. తడిసినప్పుడు చెక్కిన తెలుపు మసకబారి రూపం సగం మాయమైనట్టుంటుంది. కంగారుపడకండి, ఆరగానే మళ్ళీ వస్తుంది. నూనె తగిలితే మాత్రం అలా రాదు. నూనె ఆ పొడిచుక్కల్లో ఇంకి తెలుపుని నలుపులో కలిపేస్తుంది. మన అలవాటు చూడండి, రాతిని చూడగానే నూనె రాయాలి, పసుపు పూయాలి, గంధం అద్దాలి. బొట్టు పెట్టాలనుంటే రాతి అంచుమీద, చట్రంమీద పెట్టండి. దీపం కాస్త ఎడంగా పెట్టండి, మసి పట్టకుండా. యాసిడ్ అసలే వద్దు. మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. ఇత్తడి పలకయితే పండగకి ముందు చింతపండు పెట్టి బిందె తోమినట్టు తోమేస్తారు పనిపిల్లలు. అలా తోమితే గీతల్లో నింపిన నలుపు ఊడిపోతుంది, పైపై గీతలు అరిగిపోతాయి. మా బంధువుల ఇంట్లో ఒక ఇత్తడిపలకమీద తాతగారి మీసం అలాగే మెల్లిమెల్లిగా కరిగిపోయింది. చేయించినచోటే పైన పారదర్శకమైన లాకరు పూత వేయించుకుంటే ఏళ్ళతరబడి తోమే పనే ఉండదు. పొడిగుడ్డతో దుమ్ము దులిపితే సరి.